వైరుకు అతుకు, కళ్ళకు అద్దాలు

కంప్యూటర్ వెనక్కి వంగి చూసే మగవాడిని నేను ఇంతవరకు చూడలేదు. ముందువైపు మాత్రం అందరూ చూస్తారు. తెరకు పసుపు కుంకుమ పెడతారు, దసరాకు నిమ్మకాయ కడతారు, కొన్నప్పుడు అంటించి ఉన్న ప్లాస్టిక్ కాగితం ఊడిపోతే ప్రాణం పోయినట్టు బాధపడతారు. వెనక ఏ వైరు ఎక్కడ ఉందో, అది వదులైందో విరిగిందో ఎవరికీ పట్టదు. వెనక దుమ్ము దులిపేది ఆడవాళ్ళు కాబట్టి ఆ సంగతులు కూడా ఆడవాళ్ళకే తెలుస్తాయి. తెరమీద బొమ్మ పాడైతే మాత్రం తప్పు తెరముందు కూర్చున్న మనిషిది. ఇది కోపంతో అంటున్న మాట అనుకుంటే అనుకోండి. కోపంతోనే అంటున్నాను.

సిరిసిల్లలో ఒక మరమగ్గాల షెడ్డులో చీరల అంచులకు డిజైన్లు గీయడం నా పని. పుట్టింది కోరుట్లలో. మా అమ్మ బీడీలు చుట్టేది, పక్కన కూర్చుని నేనూ చుట్టాను. ఆ పనిలోంచి బయటపడాలని జగిత్యాలకు బస్సులో పోయి వస్తూ డీటీపీ నేర్చుకున్నాను. పెళ్ళయి సిరిసిల్ల వచ్చాక ఆ చదువును ఎవరూ అడగలేదు. మగ్గాలకు నూలు కండెలు చుట్టమన్నారు, చుట్టాను. తర్వాత మా సేటు కంప్యూటర్‌తో నడిచే డాబీ, అదే ఏ పోగు ఎప్పుడు లేవాలో మగ్గానికి చెప్పే మిషన్, తెచ్చి మగ్గాలకు బిగించాడు. తెచ్చాక గానీ దానికి డిజైన్ గీసి పెట్టే మనిషి కావాలని ఆయనకు తట్టలేదు. అప్పుడు కండెల దగ్గరున్న నేను గుర్తొచ్చాను. ఆ కుర్చీ అంటే నాకు ఎంత ఇష్టమో చెప్పడానికి సిగ్గేమీ లేదు. దానిమీద కూర్చున్న మొదటిరోజు సాయంత్రం ఇంటికి పోబుద్ధి కాలేదు.

పని ఇలా ఉంటుంది. తెరమీద అంతా చిన్న చిన్న గడులు. ఒక గడి నింపితే మగ్గంమీద పోగు లేస్తుంది, నింపకపోతే లేవదు. లేవడమూ లేవకపోవడమూ తప్ప మధ్యలో మూడో సంగతి లేదు. సగం లేచిన పోగును ఏ మగ్గమూ ఒప్పుకోదు. నెమలి ముక్కు దగ్గర ఒక్క గడి పక్కకు జరిగితే అంచు పొడవునా అన్ని నెమళ్ళకూ ముక్కు వంకర పోతుంది. ఇంత కచ్చితమైన పనిని నేను ఎలాంటి తెరమీద చేశానో ఇప్పుడు చెబుతాను.

మొదట్లో సీపీయూ, మానిటర్ రెండూ నా బల్లమీదే ఉండేవి. షెడ్డులో నూలు నూగు ఎగురుతుంది కదా, అది డబ్బాలోకి పోయి మిషన్ పాడవుతుందని సేటుకు ఎవరో చెప్పారు. అంతే, సీపీయూ సేటు కూర్చునే అద్దాల గదిలోకి పోయింది. అక్కడ దానికి ఏసీ, పక్కన దేవుడి పటం, ఉదయం సాయంత్రం అగరుబత్తి. మానిటర్‌తో పాటు నేను మాత్రం మగ్గాల పక్కనే, నూగులోనే, చప్పుడులోనే ఉండిపోయాను. నూగు డబ్బాకు పడదు గానీ మనిషి ఊపిరితిత్తులకు పడుతుందన్నమాట.

అద్దాల గదికీ నా బల్లకూ మధ్య దూరం ఎక్కువ. కీబోర్డుకూ మౌసుకూ పొడుగు వైర్లు దొరికాయి. తెరకు పోయే వీజీఏ వైరు, అదే రెండు చివరలా నీలం మూతి ఉండేది, అంత పొడవుది జగిత్యాల దుకాణంలో అప్పటికి లేదు. తెప్పిస్తామన్నారు. తెప్పించేదాకా ఆగడం మా సేటుకు చేతకాదు. పైగా ఒకప్పుడు బిల్లులు కొట్టిన పాత కంప్యూటర్ల వైర్లు రెండు అటకమీద ఊరికే పడి ఉన్నాయి. వేరే ఊరైతే అక్కడితో ఆగిపోయి ఉండేవాళ్ళు. మాది సిరిసిల్ల. ఇక్కడ తెగినదాన్ని అతకకుండా వదిలేస్తే పరువు పోతుంది.

మగ్గంమీద నిలువు పోగులు చుట్టి ఉన్న బీము అయిపోతే దాని పోగుల చివరలకు కొత్త బీము పోగులను ఒక్కొక్కటిగా అతుకుతారు. దాన్నే వైపని అంటారు. మా షెడ్డులో ఆ పని చేసే పెద్దాయనను అందరం కాకా అంటాం. ఆయన చేయి పడితే వేల పోగుల్లో ఒక్కటి కూడా తప్పు కలవదు, ఆ మాట కాదనను. సేటు ఆయన్ని పిలిచి రెండు వైర్లూ చేతిలో పెట్టాడు.

"గిన్ని వేల పోగులు అతుకుతున్న. గీ నాలుగు పోగులు నాకో లెక్కనా సేటు" అన్నాడు కాకా.

నేల మీద గోనెపట్టా పరుచుకుని, అలవాటు కొద్దీ వేళ్ళకు బూడిద రాసుకుని, రెండు వైర్లనూ కోసి, రంగుకు రంగు చూసి మెలిపెట్టాడు. లోపల ఒక్కో తీగ చుట్టూ సన్నని రాగి అల్లిక ఉంటుంది, బయటి అలజడి లోపలికి రాకుండా. దాన్ని పనికిరాని పొట్టు అనుకుని కత్తిరించి పారేశాడు. పైన టేపు చుట్టాడు. చుట్టూ మూగినవాళ్ళంతా ఆ అతుకును వేళ్ళతో తడిమి మెచ్చుకున్నారు. వైరును గోడ వెంట, మగ్గాల మోటార్ల పక్కనుంచే లాగి నా బల్లదాకా తెచ్చారు. స్విచ్ వేశారు. బొమ్మ వచ్చింది. సేటు కొబ్బరికాయ కొట్టాడు.

బొమ్మ రావడమే నా కర్మ. రాకపోయి ఉంటే ఆరోజే కొత్త వైరు తెచ్చేవాళ్ళు. వీజీఏ వైరుకు సిగ్గు లేదు. బొమ్మను అది కరెంటు హెచ్చుతగ్గులుగా మోసుకొస్తుంది. దారిలో అతుకు ఉన్నా, మోటారు గోల ఉన్నా, ఒక రంగు సగం ఒలికిపోయినా, మిగిలినదేదో తెచ్చి తెరమీద పోసి నిలబడుతుంది. పాడైపోయానని ఒక్క మాట చెప్పదు. మన ఇళ్ళల్లో జర సర్దుకో అనే పెద్దమనుషులు ఉంటారే, అచ్చం వాళ్ళ తీరు.

మొదటిరోజు నుంచే ప్రతి నిలువు గీతకూ కుడిపక్కన పలచగా ఇంకో గీత కనిపించింది. అక్షరాలకు నీడలు మొలిచాయి. తెల్లగా ఉండాల్సిన చోట గులాబీ ఛాయ. మగ్గాలు అన్నీ కలిసి తిరిగినప్పుడు తెరమీద సన్నని అలలు పైకి పాకేవి. చెప్పాను. సేటు అద్దాల గదిలోంచి వచ్చి, నా వెనక నిలబడి, ఆ దూరం నుంచే చూసి, మంచిగనే ఉన్నది కదా అని పోయాడు. ఆయన చూసింది బొమ్మను. నేను చూడాల్సింది గడిని. గడులను పెద్దవి చేసుకుంటే నీడ ఏదో అసలేదో తెలిసేది. కానీ అంచు మొత్తం ఒక్కసారి చూడకుండా డిజైన్ కుదరదు. చిన్నది చేసి చూస్తే నీడ కూడా నిండిన గడిలాగే కనిపించేది.

తప్పులు వచ్చాయి. మామిడి పిందె కొన వంకరపోయింది. నేను ఆకుపచ్చ అనుకుని పంపిన రంగు వ్యాపారి ఫోనులో చిలకపచ్చగా కనిపించింది. గులాబీ ఛాయను తట్టుకోవడానికి నేను పచ్చదనం ఎక్కువ కలుపుతున్నాను మరి. ఆ చీరలు వెనక్కి వచ్చిన రోజు సేటు నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"చెల్లె, నీ కండ్లు జర సూపిచ్చుకో" అన్నాడు.

"కండ్లు గాదు సేటు, వైరు. జర ఎన్క సూడుండ్రి" అన్నాను.

"వైరుకేమైంది. బొమ్మ అస్తున్నది గదా" అన్నాడు.

బొమ్మ వస్తున్నది కదా. ఈ ఒక్క మాటతో నన్ను ఎంతమంది ఎన్నిసార్లు నోరు మూయించారో. సేటు ఇంకో మాట కూడా చెప్పి పోయాడు. దసరా దాకా చూస్తాడట. కళ్ళు అప్పటికీ అలాగే ఉంటే ఆ కుర్చీలో తన బామ్మర్దిని కూర్చోబెట్టి, నన్ను చీరలు మడతపెట్టే చోటికి పంపుతాడట. చాలా మర్యాదగా చెప్పాడు, నా మంచికోసమే అన్నట్టు. మడత పని తక్కువని కాదు. నేను కండెల దగ్గరనుంచి లేచి వచ్చినదాన్ని. మళ్ళీ నేలమీద కూర్చోమంటే ప్రాణం ఒప్పుకోలేదు.

ఇక అందరూ నా కళ్ళమీద పడ్డారు. మా అమ్మ కోరుట్ల నుంచి వచ్చేవాళ్ళ చేత పొన్నగంటి కూర కట్టలు కట్టలుగా పంపింది. మస్కట్‌లో ఉన్న మా ఆయన ఫోనులో నా కళ్ళలోకి చూసి, ఎర్రగా ఉన్నాయి, పని మానెయ్యి అని తేల్చేశాడు. ఫోనులో ఆయన మొహం కూడా ఎర్రగానే కనిపించింది, నేను పని మానెయ్యమన్నానా. షెడ్డులో ఒకరు తేనె చుక్కలు వేసుకోమన్నారు, ఇంకొకరు దిష్టి తీయించుకోమన్నారు. వైరును ఒక్కసారి మార్చి చూద్దామన్నవాళ్ళు ఒక్కరూ లేరు.

జగిత్యాలలో కంటి డాక్టరు దగ్గరికి పోయాను. ఆయన మాత్రం తిన్నగా చెప్పాడు. నలభై దాటిన ఎవరికైనా వచ్చే చత్వారం, దగ్గర చదవడానికి చిన్న నంబరు, అంతకుమించి కళ్ళల్లో ఏ లోపమూ లేదన్నాడు. తిరిగివచ్చి అదే మాట సేటుకు చెప్పాను. ఆయన చెవికి అద్దాలు అన్న మాట ఒక్కటే ఎక్కింది. చూసినవా, నేను చెప్పలేదా అని షెడ్డంతా వినేలా అన్నాడు. అద్దాలు పెట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు నీడలు ఇంకా స్పష్టంగా కనిపించాయి.

నిజం చెప్పాలంటే, ఒక దశలో నాకూ భయం వేసింది. ఇంతమంది ఒకే మాట అంటుంటే మనిషికి తన కళ్ళమీద తనకే నమ్మకం పోతుంది. ఇంట్లో అన్నం తింటూ కంచం అంచు పక్కన నీడ ఉందా అని చూసుకునేదాన్ని. సందులో కరెంటు స్తంభం ఒకటిగానే కనిపిస్తోందా అని ఆగి మరీ చూసేదాన్ని. ఒకటిగానే కనిపించేది. అయినా భయం పోలేదు.

దసరా దగ్గర పడుతుండగా మా అన్న కూతురికి చెవులు కుట్టే పండుగని కోరుట్లకు పోయాను. అన్న గల్ఫ్ నుంచి వచ్చేటప్పుడు గోడంత టీవీ తెచ్చాడు. దానికి ల్యాప్‌టాప్ తగిలించి పాత ఫోటోలు చూపిస్తున్నారు. ఇంటికి తెచ్చుకున్న పని పెన్‌డ్రైవ్‌లో నా సంచిలో ఉంది. ఫోటోలు అయిపోయాక, అన్నా, ఇది ఒక్కసారి పెట్టు అన్నాను.

నెమలి అంచు గోడమీదికి వచ్చింది. ఎక్కడా నీడ లేదు. ఒక్కో గడి కోసిపెట్టినట్టుంది. తెల్లది తెల్లగా ఉంది. నేను వంకరగా నింపిన గడులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెనక గోడకు ఆనుకుని కూర్చునే చెప్పగలిగాను. అద్దాలు తీసేసి చూశాను, అంత దూరానికి వాటి అవసరమే లేదు. నాకు ఏడుపొచ్చింది. మేనకోడలి చెవులు చూసి ఏడుస్తున్నాననుకుని వదిన నీళ్ళు తెచ్చిచ్చింది. నీళ్ళు తాగాక ఏడుపు పోయి ఒళ్ళంతా మంట మొదలైంది.

లేచి టీవీ వెనక్కి పోయి వైరు చూశాను. చదునైన మూతి, హెచ్‌డీఎంఐ. ఈ వైరులో బొమ్మ అంకెలుగా పోతుంది, ఒకటి లేదా సున్నా, మా మగ్గంమీద పోగు లేచినట్టూ లేవనట్టూ. అందితే ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది, అందకపోతే మొహంమీదే తలుపు వేస్తుంది. ఇలాంటి రంధ్రం నేను ఎక్కడో చూశాననిపించింది. ఎక్కడో కాదు, మా షెడ్డులోనే. మానిటర్ వెనకా ఉంది, సీపీయూ వెనకా ఉంది. ప్రతి దసరాకూ దుమ్ము దులిపేది నేనే కదా. రెండింటికీ నల్లటి రబ్బరు మూతలు బిగించి ఉన్నాయి. కొన్న రోజునే సేటు చెప్పాడు, ఆ మూతలు తీయొద్దు, నూగు పోతుంది అని. మంచి దారికి మూత పెట్టి పూజ చేస్తూ, చెడ్డ దారిలో నన్ను నడిపించాడన్నమాట మహానుభావుడు.

తిరుగు ప్రయాణంలో జగిత్యాలలో దిగి అదే దుకాణానికి పోయాను. హెచ్‌డీఎంఐ పొడుగుది కావాలన్నాను. కౌంటర్ వెనకున్న పెద్దమనిషి తన ఫోనులోంచి తల ఎత్తకుండా, అది టీవీలకమ్మా, కంప్యూటర్‌కు నీలం వైరే ఒరిజినల్, బొమ్మ రెండింట్లోనూ ఒకటే వస్తుంది అని నాకు పాఠం చెప్పాడు. మరి మీ వెనక మానిటర్‌కు ఉన్న వైరేమిటి అని అడిగాను. ఆయన వెనక్కి తిరిగి చూడలేదు. వాళ్ళెవరూ చూడరు. ఫంక్షన్ హాళ్ళలో పెద్ద తెరలకు వాడే పొడుగు వైరు ఒకటి లోపలినుంచి తెప్పించి బల్లమీద పడేశాడు.

మరునాడు సేటు ముందే ఆ మూతలు పీకాను. ఆయన అడ్డం రాబోయి, నా మొహం చూసి ఆగాడు. కొత్త వైరు తగిలించాను. తెర నల్లగా ఉండిపోయింది. మగ్గాల దగ్గరనుంచి మనుషులు వచ్చి నిలబడ్డారు. సేటు మొహంలో వెలుగు చూడాలి. పాతది ఎంతో కొంత చూపించేది కదా, ఇది అది కూడా చూపించడం లేదన్నాడు. తన అతుకుకు ఇన్నాళ్ళకు న్యాయం జరిగినట్టు కాకా తలాడించాడు. అప్పుడు అన్న ఇంట్లో టీవీకి రిమోటుతో దారి మార్చిన సంగతి గుర్తొచ్చింది. మానిటర్ కింద బొత్తాలు వెతికి ఒక్కొక్కటి నొక్కాను. ఏ దారినుంచి బొమ్మ తీసుకోవాలో అడిగింది. కొత్త దారి చూపించాను.

నెమలి వచ్చింది. కోరుట్ల గోడమీద వచ్చిన నెమలే. మగ్గాలన్నీ తిరుగుతున్నా తెరమీద ఒక్క అల లేదు. సేటు ముందుకు వంగి చాలాసేపు చూశాడు. ఈసారైనా ఒక్క మాట అంటాడనుకున్నాను. అన్నాడు.

"సూసినవా చెల్లె. అద్దాలు పెట్టినంక ఎంత మంచిగ గీస్తున్నవో" అన్నాడు.

అందరూ అవునన్నారు. నేను అద్దాలు ఇంటిదగ్గర మరిచిపోయి వచ్చిన సంగతి ఒక్కరూ గమనించలేదు. కుర్చీ నాకు మిగిలింది, బామ్మర్ది ఇంకేదో వ్యాపారం చూసుకున్నాడు, అది చాలనుకున్నాను. కాకా పాత వైరును ప్రేమగా చుట్టచుట్టి, పనికొస్తుందని అటకమీద పెట్టాడు. అప్పుడే దాన్ని చెత్తలో పడేయాల్సింది.

తర్వాత పని పెరిగి సేటు ఇంకో కంప్యూటర్ కొన్నాడు. తంగళ్ళపల్లి నుంచి రోజూ వచ్చిపోయే ఒక అమ్మాయిని రెండో బల్లమీద పెట్టుకున్నాడు. చేయి మంచిది, నేను చూసి ఒప్పుకున్నాకే తీసుకున్నాడు. ఆ కంప్యూటర్ ఇంకా బిగించకముందే మా అమ్మకు ఒంట్లో బాగాలేదని నేను కోరుట్ల పోయి కొన్నాళ్ళు ఉండిపోయాను. తిరిగివచ్చిన రోజు సేటు అద్దాల గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. గొంతు తగ్గించి, ఎంతో బాధగా చెప్పాడు.

"గా పిల్ల మంచిదే గని, కండ్లు సరిగ లెవ్వు చెల్లె. జగిత్యాల డాక్టరు దగ్గరికి నువ్వే తోల్కపో. నీకైతే మంచిగయినయి గదా."

కొత్త సీపీయూ కూడా ఆయన పక్కనే ఏసీలో ఉంది. దాని వెనకనుంచి నీలం మూతి వైరు బయలుదేరి, గోడ వెంట, మోటార్ల పక్కనుంచి పోతోంది. నేను దాని వెంటే నడిచాను. సగం దారిలో టేపు చుట్టిన కాకా అతుకు చేతికి తగిలింది. కొత్త డబ్బా వెనకా, తెర వెనకా రబ్బరు మూతలు అలాగే బిగించి ఉంటాయని చూడకుండానే తెలుసు. ఆ అమ్మాయి కళ్ళు చిట్లించి తెరమీదికి వంగి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నన్ను చూసి లేచి, అక్కా, నాకు గీతలు రెండు రెండుగా కనిపిస్తున్నాయి, సేటుకు చెప్పొద్దు అంది. ఎవరినీ ఏమీ అనలేని భయం ఆ గొంతులో ఉంది. అది నాకు తెలిసిన భయమే.

గీసినంతవరకు కంప్యూటర్‌లో భద్రం చేసుకొమ్మని చెప్పాను. మగ్గంమీదున్న కత్తెర తీసుకుని వైరును కోశాను. అతుకు దగ్గర ఒక్కచోట కోస్తే కాకా మళ్ళీ అతుకుతాడు. అందుకని గోడ వెంట నడుస్తూ, అందినచోటల్లా, వేలెడు వేలెడు ముక్కలుగా కోసుకుంటూ పోయాను. తెర ఎప్పుడో నల్లబడింది. మగ్గాలు ఆపి మనుషులు చూస్తున్నారు. సేటు గది తలుపు తెరుచుకుని వచ్చి, ఏమైంది, బొమ్మ పోయిందేమిటి అని అడిగాడు.

"గీ పిల్ల కండ్లు మంచిగయినయి సేటు" అన్నాను.

కత్తెర మగ్గంమీద పెట్టి, సంచి తీసుకుని, కొత్త వైరు కోసం జగిత్యాల బస్సెక్కడానికి బయలుదేరాను. ఆ అమ్మాయిని కూడా వెంట తీసుకుపోయాను.